ఏప్రిల్‌లో పెంగ్విన్లు

సబీహా స్కూలు నుంచి వస్తూ దారిలో తండ్రి కొట్టు దగ్గర ఆగింది. వన్ టౌన్ మార్కెట్ వెనక సందులో రెండు కుట్టుమిషన్లు పట్టేంత చిన్న కొట్టు అది. బడే మియా కత్తెర పట్టుకుని నల్లటి మఖమల్ గుడ్డ ముందు నిలబడి ఉన్నాడు. పక్కనే చుట్టలు చుట్టిన స్పాంజి షీట్లు నడుమెత్తున పేర్చి ఉన్నాయి.

"ఇదేంటి అబ్బా?"

"మీ స్కూలు నుంచే పంపించారు బేటీ. పిల్లలకు పెంగ్విన్ డ్రెస్సులంట. లోపల స్పాంజి పెట్టి కుట్టమన్నారు. బొద్దుగా కనబడాలంట."

సబీహా ఆ మఖమల్‌ను చేతికి చుట్టుకుంది. దాని లోపలికి స్పాంజి ముక్క దోపింది. కాసేపటికే అరచెయ్యి చిత్తడిగా అయిపోయింది. మార్చి నెలాఖరు. బయట సందులో రిక్షావాళ్ళు తలకు తడి తువ్వాళ్ళు చుట్టుకుని తొక్కుతున్నారు.

"అయిదేళ్ళ పిల్లలు అబ్బా. ఇందులో ఉడికిపోతారు."

"నేనూ అదే చెప్పాను. పల్చటి పాప్లిన్ వేద్దాం, వీపు దగ్గర తెరిచి వదిలేద్దాం అన్నాను. సార్ ఒప్పుకోలేదని గుమాస్తా వచ్చి చెప్పాడు. తల మీద టోపీ కూడా ఒంటికే కలిపి కుట్టాలంట."

సబీహాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట గుడ్డ గురించి మాత్రమే కాదు. ఆ పెంగ్విన్‌ను పిల్లల దగ్గరికి తెచ్చింది తను.

బెంజ్ సర్కిల్ దాటి పటమట వైపు వెళ్తే ఒక సందులో ఉన్న మూడంతస్తుల ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఆమె యూకేజీ టీచరు. బీయస్సీలో జువాలజీ చదివింది. జనవరిలో పుస్తకంలో పెంగ్విన్ బొమ్మ వచ్చింది. బొమ్మ కింద ఒక వాక్యం, దాని కింద 'పి' అక్షరం దిద్దడానికి గీతలు. అంతే పాఠం. కిరీటి అనే పిల్లవాడు పెన్సిలు కింద పెట్టేసి అడిగాడు: "టీచర్, దీనికి చలెయ్యదా? స్వెట్టరు లేదుగా?"

మాటలతో చెబితే వాడికి అర్థం కాదని ఆమెకు తెలుసు. మర్నాడు ఆయా శౌరమ్మ చేత చేపల మార్కెట్ నుంచి ఐసు తెప్పించి ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి వేసింది. ఒక పాలిథిన్ కవరులో డాల్డా పూసి, దానిలో ఇంకో కవరు దోపి, చెయ్యి పెట్టుకునే తొడుగులా చేసింది. పిల్లలు ముందు ఉత్త చెయ్యి ముంచి కెవ్వున అరిచారు. తర్వాత తొడుగు వేసుకుని ముంచి నోళ్ళు తెరిచారు.

"చల్లగా లేదు టీచర్!"

"పెంగ్విన్ చర్మం కింద ఇలాగే కొవ్వు ఉంటుంది. లోపలి వేడిని బయటికి పోనివ్వదు."

తరగతిలో అందరికన్నా చిన్నది సుస్మిత. మాట బయటికి రావడమే కష్టం ఆ పిల్లకు. ఆ రోజు తొట్టి దగ్గర నుంచి లేవలేదు. తొడుగు తీస్తూ వేస్తూ తనలో తను నవ్వుకుంది. తర్వాతి రోజు పిల్లలంతా కాగితం పెంగ్విన్ మీద మైనం రంగులు గట్టిగా రుద్ది నీళ్ళు చిలకరిస్తే బొట్లు జారిపోవడం చూశారు. ఈకలకు నూనె రాసుకుంటుంది కాబట్టి పెంగ్విన్ తడవదని చెప్పింది సబీహా. మరో రోజు పాదాల మీద బత్తాయి పెట్టుకుని కింద పడకుండా గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. గుడ్డును అలా కాళ్ళ మీద పెట్టుకుని మంచులో నెలల తరబడి నిలబడేది నాన్న పెంగ్విన్ అని చెబితే ఒక పిల్ల "మా నాన్న అట్టా నుంచోడు టీచర్" అంది. గదంతా నవ్వులు.

ఆఖరి రోజున రెండు స్టీలు గ్లాసుల్లో వేడినీళ్ళు పోసి, ఒకదాన్ని ఉన్ని శాలువాలో చుట్టి, రెండోదాన్ని వదిలేసింది. ఏది చల్లారిందో పిల్లల్నే ముట్టుకుని చెప్పమంది.

"అయితే పెంగ్విన్‌ను మన విజయవాడ తీసుకొస్తే ఏమవుతుంది?"

కిరీటి ఆలోచించాడు. "చచ్చిపోద్ది టీచర్. కోటు విప్పుకోలేదుగా."

మొదటి రోజు ఐసు తొట్టి దగ్గర పిల్లలు చేసిన గోలకే కరస్పాండెంటు హనుమయ్య గది గుమ్మంలోకి వచ్చాడు. ఉయ్యూరు దగ్గర చెరుకు పండించే కుటుంబం ఆయనది. సొంతంగా స్కూలు పెట్టుకుని పైకి వచ్చాడు. ఆ రోజు చొక్కా చెయ్యి పైకి మడిచి తనూ తొడుగులో చెయ్యి పెట్టి ఐసులో ముంచాడు. చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

"మా చిన్నప్పుడు ఇట్టా చెప్పేవాళ్ళుంటే నేనూ సైంటిస్టునయ్యేవాణ్ణండీ సబీహా గారూ!"

ఆ మాటకు సబీహా పొంగిపోయింది. ఇంటికెళ్ళి తల్లి అన్వరీకి రెండుసార్లు చెప్పింది. వారం తిరగకుండా హనుమయ్య వార్షికోత్సవంలో పెంగ్విన్ డాన్సు పెడుతున్నట్టు ప్రకటించాడు. ముఖ్య అతిథికి వీలు కుదరక ఉత్సవం జనవరి నుంచి ఫిబ్రవరికి, అక్కడి నుంచి ఏప్రిల్‌కు జరిగింది. డాన్సు మాత్రం అలాగే ఉండిపోయింది.

తండ్రి కొట్లో గుడ్డ చూసిన మర్నాడు పొద్దున్నే సబీహా ఆఫీసు గదిలోకి వెళ్ళింది.

"సార్, ఏప్రిల్‌లో పిల్లలకు ఆ గుడ్డ వద్దు సార్."

"కూర్చోండమ్మా. స్టేజీ మీద డాన్సు ఎంతసేపండీ? పాట అయిపోగానే దిగిపోతారు. పైగా సాయంత్రం పూట. లైట్లలో మఖమల్ మెరిసినట్టు పాప్లిన్ మెరవదు."

"స్టేజీ సంగతి సరే సార్. రిహార్సల్సో?"

"మామూలు బట్టల్లోనే చేయించండి. డ్రెస్సులు ఫంక్షన్ రోజే తొడుగుదాం. నా మాట మీద నమ్మకం లేదా?"

నమ్మింది. నమ్మక చేసేదేమీ లేదు.

ఇంట్లో మాత్రం ఊరుకోలేకపోయింది. రాత్రి అన్నాల దగ్గర "మీరు కుట్టనని చెప్పేయండి అబ్బా" అంది.

బడే మియా తలెత్తలేదు. "నేను కాకపోతే ఇంకొకడు కుడతాడు. వాడు ఇంకా దళసరిగా కుడతాడు."

"అదా మీ జవాబు?"

"తండ్రితో అలాగేనా మాట్లాడేది?" అని అన్వరీ కసిరింది. సబీహా కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ మొదటివారం. కింది గదులన్నీ పదో తరగతి పరీక్షలకు ఇచ్చేశారు. చప్పుడు చేయకూడదని చిన్నపిల్లల రిహార్సల్స్ పైన డాబా మీదికి మార్చారు. ఆ రోజు సబీహాకు వేరే తరగతి పరీక్ష డ్యూటీ పడింది. అది ముగించుకుని ఎండ నెత్తిమీదికి వచ్చే వేళకు ఆమె డాబా ఎక్కేసరికి యూకేజీ పిల్లలంతా మఖమల్ తొడుగుల్లో వరసగా నిలబడి ఉన్నారు. తలల మీద నల్ల టోపీలు, ముందు అట్టముక్కలతో చేసిన పసుప్పచ్చ ముక్కులు. ముఖాలు మాత్రమే కనబడుతున్నాయి. అవి ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. కాళ్ళ కింద సిమెంటు నేల కాలుతుంటే ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతున్నారు.

నీళ్ళ ట్యాంకు నీడలో కుర్చీ వేసుకుని హనుమయ్య కూర్చుని ఉన్నాడు.

"ఇదేంటి సార్?"

"పాంప్లెట్‌కు ఫోటోలండీ. జూన్‌లో అడ్మిషన్లు మొదలయ్యేలోపల అచ్చేయించాలి. ఫోటోగ్రాఫరు వచ్చేస్తన్నాడు. బెంజ్ సర్కిల్ దగ్గరున్నాడంట."

"ఎంతసేపైంది వీళ్ళకు ఇవి తొడిగి?"

సబీహా దగ్గరున్న పిల్లవాడి వీపు తన వైపు తిప్పి జిప్పు కిందికి లాగింది. లోపల బనీను పిండితే కారేట్టు తడిసి ఉంది. రెండో పిల్లది లాగింది. మూడో పిల్ల సుస్మిత.

"టీచర్," అంది సుస్మిత చిన్న గొంతుతో, "పెంగ్విన్‌కి ఐసు ఉంటదిగా. మాకు లేదుగా."

"ఉండమ్మా, విప్పేస్తాను."

"సబీహా గారూ!" హనుమయ్య కుర్చీలో నుంచి లేచాడు. "విప్పి మళ్ళీ తొడగాలంటే ఎంతసేపు పడుద్దో తెలుసా? స్కూలు మీదా, నాదా? కిందికెళ్ళి ఆఫీసు నుంచి ఆ ఫోటోగ్రాఫర్‌కు ఫోన్ చేసి రండి. తొందరగా వస్తే మీ పిల్లలకే మంచిది."

సబీహా శౌరమ్మ వైపు చూసి "అందరికీ జిప్పులు దించెయ్, నీళ్ళు పట్టు" అని చెప్పి మెట్లు దిగింది. ఆఫీసులో ఫోన్ నంబరు తిప్పితే ఎంగేజ్. మళ్ళీ తిప్పితే ఎంగేజ్. మూడోసారి తిప్పుతుండగా మెట్ల మీద శౌరమ్మ కేక వినిపించింది.

"టీచరమ్మా! పాప కళ్ళు తేలేసిందమ్మా!"

ఎలా పైకి ఎక్కిందో ఆమెకు గుర్తులేదు. సుస్మిత నేల మీద పడి ఉంది. కక్కుకుంది. ముఖం కాలిన ఇటుకలా ఉంది. ముట్టుకుంటే చెమట లేదు, పెనం ముట్టుకున్నట్టు ఉంది. జిప్పు సగం దాకా వచ్చి స్పాంజిలో ఇరుక్కుపోయింది. సబీహా రెండు చేతులతో కుట్టు దగ్గర పట్టుకుని చించబోయింది. రాలేదు. తన తండ్రి కుట్టు ఎంత గట్టిదో ఆమెకు తెలుసు. ఊళ్ళో అందరూ మెచ్చుకునేది దానికే. పళ్ళతో దారం కొరికింది. చిగురు తెగి నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. శౌరమ్మ కూడా వంగి అవతలి వైపు నుంచి కొరికింది. కుట్టు పర్రున విడింది.

"సారు అక్కడే నుంచుని ఎవరివీ దించనియ్యలేదమ్మా," అంది శౌరమ్మ ఏడుస్తూ.

పిల్లను భుజాన వేసుకుని కిందికి పరుగెత్తి కుళాయి కింద పెట్టారు. తడి చీరకొంగు చుట్టి ఆటోలో నర్సింగ్ హోముకు తీసుకెళ్ళారు. వెనకే కారులో హనుమయ్య వచ్చాడు. డాక్టరు పిల్ల చంకల్లో, మెడ దగ్గర ఐసు పెట్టించి, సెలైన్ ఎక్కించి, ఆ తర్వాతే వీళ్ళ వైపు తిరిగాడు. నేల మీద పడి ఉన్న నల్ల తొడుగును బూటుతో కదిపాడు.

"ఎండలో పసిపిల్లకు ఇది తొడిగిన తెలివిగలవాళ్ళు ఎవరండీ?"

హనుమయ్య సబీహా వైపు చూశాడు. డాక్టరు కూడా అటే చూశాడు. సబీహా నోరు తెరిచేలోగా నర్సు పిలిస్తే ఆయన వెళ్ళిపోయాడు.

సుస్మిత తల్లి శివపార్వతి పోస్టాఫీసులో పనిచేస్తుంది. భర్త ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆదివారాలు వస్తాడు. ఆమె కౌంటరు వదిలేసి చెప్పులు కూడా లేకుండా వచ్చింది. సాయంత్రానికి పిల్ల కళ్ళు తెరిచి అమ్మను గుర్తుపట్టింది. అప్పుడు గాని శివపార్వతి కూర్చోలేదు.

మర్నాడు సబీహా చూడటానికి వెళ్ళేసరికి మంచం పక్కన యాపిల్ పండ్ల బుట్ట, హార్లిక్స్ సీసా ఉన్నాయి. శివపార్వతి లేచి నిలబడలేదు, కూర్చోమనలేదు.

"మీ నాన్నగారేనంటగా కుట్టింది?"

"అవునండీ."

"సారు మంచి కాటన్ గుడ్డకు చెప్తే, మీ నాన్నగారు చవకరకం వేసి కుట్టేశారంట. ఆయన చెప్పే దాకా నాకు తెలీదు. మీ మీద నమ్మకంతో పంపించానండీ పిల్లను. మీ ఇంట్లో వాళ్ళకు పని దొరుకుద్దని పిల్లల ప్రాణాల మీదికి తెస్తారా?"

సబీహాకు చెవులు గింగురుమన్నాయి. పిల్ల నిద్రపోతోంది. అక్కడ అరవడం ఇష్టంలేక బయటికి వచ్చేసింది.

నేరుగా కొట్టుకు వెళ్ళింది.

"అబ్బా, మీరు గుడ్డ మార్చారని చెబుతున్నాడు. మీరు! శనివారం పేరెంట్స్ మీటింగు ఉంది. మీరొచ్చి అందరి ముందు చెప్పాలి. గుడ్డ వాళ్ళు పంపిందేనని, పాప్లిన్ వేద్దామని మీరు అడిగారని."

బడే మియా మిషను తొక్కడం ఆపాడు.

"నేను రాను బేటీ."

"ఎందుకు?"

"ఒక టైలరు మాట, ఒక కరస్పాండెంటు మాట. ఎవరి మాట నమ్ముతారు? అందులోనూ మనం. నేను నిలబడి గొంతు పెంచితే రేపు కొట్టు ముందు ఇంకో మాట పుడుతుంది. ఈ సందులో ముప్పై ఏళ్ళుగా తలొంచుకుని బతికాను."

"తలొంచుకునే ఉండండి. ఆ పిల్ల పడిపోయింది మీరు కుట్టినదాంట్లో. మీ మీద పడుతున్న నింద కూడా మీరే కుట్టించుకుంటున్నారు."

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. బడే మియా ముఖం నల్లబడింది. సబీహా దాన్ని వెనక్కి తీసుకోలేదు. కొట్లో అదనంగా కుట్టి మిగిలిపోయిన ఒక తొడుగు తీసుకుని సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయింది.

శనివారం కింది హాల్లో తల్లిదండ్రులు నిండిపోయారు. మూలల్లో పెద్ద ఫ్యాన్లు రొద చేస్తూ తిరుగుతున్నాయి. హనుమయ్య మైకు పట్టుకుని నిదానంగా, బాధగా మాట్లాడాడు. పాప పొద్దున టిఫిన్ తినకుండా వచ్చిందని అన్నాడు. బట్టల విషయంలో టైలరు దగ్గర పొరపాటు జరిగిందని, సదరు టైలరును మార్చేశామని అన్నాడు. ఆ టైలరు ఎవరి తాలూకో తాను చెప్పదలచుకోలేదంటూనే సబీహా కూర్చున్న వరస వైపు చూశాడు. చాలామంది తలలు అటు తిరిగాయి.

సబీహా లేచి స్టేజీ వైపు నడిచింది.

"మీటింగులో టీచర్లు మాట్లాడటం లేదండీ," అన్నాడు హనుమయ్య.

"నేను మాట్లాడను సార్. చేసి చూపిస్తాను."

ఆమె బల్ల మీద రెండు స్టీలు గ్లాసులు పెట్టింది. ఫ్లాస్కులో నుంచి రెంటిలోనూ వేడినీళ్ళు పోసింది. పైన మూతలు పెట్టింది. సంచిలో నుంచి నల్ల తొడుగు తీసి, ఒక గ్లాసును దాని పొట్టలో పెట్టి చుట్టేసింది.

"ఇది మీ పిల్లలకు నేను జనవరిలో చేసి చూపించిందే. ఇంటికెళ్ళి అడగండి, వాళ్ళే చెబుతారు. ఈ గుడ్డ స్కూలు నుంచి పంపింది. స్పాంజి స్కూలు నుంచి పంపింది. పల్చటి గుడ్డ వేద్దామని అడిగిన మనిషి మా నాన్న. వద్దన్నది ఎవరో సారుకు తెలుసు."

"అబద్ధం," అన్నాడు హనుమయ్య. "కూర్చోండి ముందు."

"కూర్చోను సార్. అబద్ధమైతే ఈ తొడుగు చేతిలో మీ చెయ్యి పెట్టండి. జనవరిలో ఐసులో పెట్టారుగా, ఇప్పుడు ఇందులో పెట్టండి. మీ ఉపన్యాసం పూర్తయ్యేదాకా తియ్యకండి."

హాలు గుసగుసలాడింది. వెనక వరసలో ఒకాయన లేచాడు. "ఇప్పుడు పాపకు బానే ఉందంటన్నారుగా. పరీక్షల టైములో ఈ గొడవ ఎందుకండీ? ఏదైనా ఉంటే లోపల మాట్లాడుకోండి." ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలలూపారు. సబీహాకు హనుమయ్య మీద కన్నా వాళ్ళ మీద ఎక్కువ కోపం వచ్చింది.

"బానే ఉంది కాబట్టే ఇక్కడ మాట్లాడుకుంటున్నామండీ. లేకపోతే ఇంకోచోట నిలబడి ఉండేవాళ్ళం."

అప్పుడు మధ్య వరసలో నుంచి శివపార్వతి లేచి వచ్చింది. బల్ల దగ్గరకు వచ్చి బయట ఉన్న గ్లాసు ముట్టుకుంది, అంత కాలలేదు. తొడుగు విప్పి లోపలి గ్లాసు పట్టుకుని చురుక్కుమంటే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత తొడుగు ఎత్తి, పిల్లల కొలతతో కుట్టిన ఆ చిన్న చేతిలోకి తన కుడిచెయ్యి మోచేతి దాకా బలవంతంగా దోపింది.

"చెప్పండి సార్," అంది హనుమయ్యతో. "ఏదో చెప్తన్నారుగా, చెప్పండి. నేను ఇట్టాగే నుంచుంటాను."

హనుమయ్య మాట్లాడటానికి ప్రయత్నించాడు. స్కూలు క్రమశిక్షణ గురించి ఒకటి రెండు మాటలన్నాడు. హాల్లో ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. అందరూ శివపార్వతి చెయ్యి వైపే చూస్తున్నారు. ఆమె మోచెయ్యి దగ్గర నుంచి చెమట ధారగా కారి బల్ల మీద పడుతోంది. ముఖం కందిపోయింది.

"నేను ఫ్యాను కింద నుంచున్నాను," అందామె. "నా పిల్ల డాబా మీద నుంచుంది. దానికి టిఫిన్ నేనే తినిపించాను, రెండు ఇడ్లీలు. తినలేదని ఎవరు చెప్పారు సార్ మీకు? ఎవరు చెప్పారు?"

తడిసిన చెయ్యి బయటికి లాగి తొడుగును ఆయన మైకు మీదికి విసిరింది. మైకు కీచుమంది. ఆ తర్వాత హాల్లో అందరూ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టారు. ఎవరు ఎవరి మీద అరుస్తున్నారో తెలియలేదు.

పెంగ్విన్ డాన్సు తీసేశారు. వార్షికోత్సవం మాత్రం జరిగింది, వేరే పాటలతో, సీరియల్ లైట్లతో. నలుగురైదుగురు తల్లిదండ్రులు పిల్లల్ని స్కూలు మానిపించారు. మిగతావాళ్ళు మానిపించలేదు. జూన్ నుంచి రానక్కర్లేదని సబీహాకు గుమాస్తా వచ్చి నోటిమాటగా చెప్పాడు. హనుమయ్య ఎదురుపడలేదు. టైలరు గురించి అన్న మాటను ఆయన ఎక్కడా వెనక్కి తీసుకోలేదు. ఎవరూ తీసుకోమని అడగలేదు.

శివపార్వతి ఒక ఆదివారం భర్తతో కలిసి వించిపేటలో సబీహా వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి "ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నానండీ" అంది. సబీహా "లోపలికి రండి" అంది. ఆ రోజు ఆస్పత్రిలో విన్న మాట ఆమెలో ఇంకా చల్లారలేదు, కాని ఆ చెయ్యి కూడా కళ్ళ ముందు నుంచి పోలేదు. సుస్మిత తల్లి పక్కనే కూర్చుని బిస్కెట్టు తింది. సబీహా అలమరలో నుంచి పక్షుల బొమ్మల పుస్తకం తీసి ఇచ్చింది. పిల్ల పేజీలు తిప్పుతూ కొంగను చూసింది, నెమలిని చూసింది. పెంగ్విన్ రాగానే పుస్తకం మూసి పక్కకు తోసేసింది.

"అది నాకొద్దు."

తొట్టి దగ్గర నుంచి లేవని పిల్ల. సబీహా పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళి, వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడింది. పిల్ల బతికింది, అది చాలు అని అందరూ అంటున్నారు. చాలదు. ఆ పిల్ల చేతుల్లో నుంచి లాక్కున్నది ఒకటి ఉంది, దానికి ఎవరూ లెక్క చెప్పరు.

తండ్రితో ఆమెకు మాటలు లేవు. మే నెలలో ఒక మధ్యాహ్నం అన్నం క్యారియరు ఇవ్వడానికి కొట్టుకు వెళ్తే ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. స్కూలువాళ్ళు తొడుగులన్నీ గోనెల్లో కుక్కి తిప్పి పంపేశారు. బడే మియా బ్లేడుతో ఒక్కొక్కటి కుట్లు విప్పుతున్నాడు. మఖమల్ ఒక పక్క, స్పాంజి ఒక పక్క. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి.

"వదిలెయ్యొచ్చుగా అబ్బా. ఎవరికైనా ఇచ్చేయండి."

"ఇంకో పిల్లకు తొడుగుతారు," అన్నాడు ఆయన.

సబీహా చెప్పులు విడిచి ఆయనకు ఎదురుగా కూర్చుని ఇంకో బ్లేడు తీసుకుంది. కుట్లు నిజంగానే చాలా గట్టిగా ఉన్నాయి. ఒక్కొక్క దారం తెంపాలి.

"ఆ రోజు రావాల్సింది," అన్నాడు బడే మియా తల వంచుకునే. "భయమేసింది."

"రావాల్సింది," అంది సబీహా. పర్వాలేదు అని మాత్రం ఆమె అనలేదు. ఆయనా అది ఆశించినట్టు లేడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ విప్పుతూ కూర్చున్నారు.

జూన్‌లో గన్నవరంలో ఒక చిన్న స్కూల్లో టీచరు కావాలని తెలిసి బస్సెక్కింది. హెడ్మిస్ట్రెస్ అమలమ్మ తెల్లచీరలో, సగం నెరిసిన జుట్టుతో ఉన్న మనిషి. సర్టిఫికెట్లు చూసి పక్కన పెట్టింది.

"పాత స్కూలు ఎందుకు మానేశారమ్మా?"

ఏదైనా సర్దిచెప్పమని అన్వరీ బయలుదేరేటప్పుడు వందసార్లు చెప్పింది. సబీహా సర్దిచెప్పలేదు. మఖమల్ దగ్గర నుంచి మైకు దాకా మొత్తం చెప్పింది. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది. బయట వరండాలో పోతున్న ఆయా ఆగి చూసింది. ఈ ఉద్యోగం రాదని అర్థమయ్యాక మరింత గట్టిగా చెప్పింది.

అమలమ్మ మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక లేచి "రండి" అని వెనక వైపు తీసుకెళ్ళింది. అక్కడ సిమెంటు రేకుల కప్పుతో ఒక పొడవాటి గది ఉంది. లోపల చిన్న చిన్న బల్లలు.

"ఇది మా యూకేజీ. మీరైతే ఏం చేస్తారు?"

సబీహా గదిలోకి నడిచి చెయ్యి పైకెత్తింది. రేకుల వేడి అరచేతికి తగిలింది. పక్కగోడకు కిటికీలు లేవు. ఆమె వెనక్కి తిరిగింది.

"ముందు రేకుల మీద తాటాకు కప్పించండి. ఈ గోడకు రెండు కిటికీలు కొట్టించండి. ఆ పని అయ్యేదాకా పిల్లలు వరండాలోనే కూర్చుంటారు. ఇందులో నేను కూర్చోబెట్టను. ఇష్టమైతే రేపటి నుంచి వస్తాను."

అమలమ్మ రేకుల కప్పు వైపు చూసి ఆమె వైపు తిరిగింది.

"ఎప్పుడూ ఇంత కోపంగానే ఉంటారా?"

"ఇప్పటిదాకా లేనండీ," అంది సబీహా. "ఇక ఉంటాను."

మర్నాడు ఆమె వెళ్ళేసరికి యూకేజీ బల్లలు వరండాలో వేసి ఉన్నాయి. తాటాకు ఇంకా రాలేదు. వచ్చేదాకా రోజూ అడిగింది.